నొప్పి పోయిన పన్ను, రాత్రి రెండింటికి పెట్టిన ఆర్డర్లు

విజయనగరం నుంచి ఒకావిడ రాశారు, పేరు వెయ్యొద్దన్నారు. వయసు 38, ప్రైవేటు స్కూల్లో టీచరు, నెలకి 14 వేలు జీతం. ఆయనది కంపెనీలో షిఫ్టు డ్యూటీ, పాప ఇంటర్, బాబు ఎనిమిదో తరగతి. 14 నెలల కిందట కుడివైపు కింది దవడపన్ను సలపడం మొదలైతే ఊళ్లోనే ఒక డాక్టరుకి చూపించుకున్నారట, ఆయన ఎక్స్‌రే తీసి పుచ్చు నరం దాకా దిగిపోయింది, రూట్ కెనాల్ చేసి (అంటే పంటి లోపల చెడిన నరం తీసి, శుభ్రం చేసి, నింపేసి) పైన క్యాప్, అదే తొడుగు, వెయ్యాలి, అంతా కలిపి 7,500 అవుతుందన్నారు. వచ్చే నెల చేయించుకుందాం అనుకుని ఇంటికొచ్చేశారు, ఆ వచ్చే నెల అలా జరుగుతూనే ఉంది. మూడుసార్లు డబ్బు కూడబెడితే మూడుసార్లూ షాపింగ్ యాప్‌లో అయిపోయింది. రాత్రి పోటు వచ్చి నిద్ర పట్టదు, ఫోన్ తీస్తారు, చూస్తూ చూస్తూ ఏదో ఒకటి ఆర్డర్ పెడతారు, పెట్టాక కాసేపు హాయిగా ఉంటుంది, పొద్దున్న లేస్తే సిగ్గేస్తుంది. పార్శిళ్లకి స్కూల్ అడ్రసు ఇస్తున్నారు, అక్కడి ఆయా తీసి పక్కన పెడుతుంది, ఇంట్లో ఆయనకి తెలీదు. ఈ 14 నెలల్లో అయింది 23,400 అని లెక్క కూడా రాసి పంపారు.

ఇప్పుడు నెలరోజులుగా నొప్పి లేదట. ఒకప్పుడు వేడి టీ తాగితే అరగంట సలిపేది, ఇప్పుడు ఆ పంటికి వేడీ తెలీదు చల్లనా తెలీదు. చిగురు మీద మాత్రం చిన్న పొక్కులాంటిది వచ్చి పోతోంది, అది చితికినప్పుడు నోరు ఉప్పగా అవుతోంది. ఉత్తరం మధ్యలో అమ్మమ్మ గురించి నాలుగు లైన్లు ఉన్నాయి. భోగాపురం వైపు సముద్రం దగ్గర ఊరు, ఆవిడకి అడ్డపొగ అలవాటు, అంటే చుట్టని నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చేవారు. పైపన్ను ఒకటి కదిలిపోతే పీకించారు, ఆ గాయం మానలేదు, విశాఖ తీసుకెళ్తే క్యాన్సర్ అన్నారు, ఏడాది తిరక్కుండానే పోయారు. "పన్ను పీకించబట్టే పోయిందని మా ఇంట్లో అందరూ అంటారు, మా పెద్దమ్మ ఇప్పటికీ అలాగే కాలుస్తుంది, ఆవిడా అదే అంటుంది" అని రాశారు.

అడిగినవి మూడు. నొప్పి తగ్గింది కదా వదిలెయ్యొచ్చా, నాకు షాపింగ్ పిచ్చి పట్టిందా, మావారికి చెప్పాలా. ఆఖర్లో "ఏదైనా సిరిమాను అయ్యాకే అప్పా" అని ఒక ముక్క. సిరిమాను అంటే విజయనగరంలో పైడితల్లమ్మ జాతర, అప్పా అంటే మా వైపు అక్క.

చెల్లెమ్మా, అప్పా అని పిలిచావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదు, నీ పన్ను చూసింది ఆయన, చూడాల్సిందీ ఆయనే. కానీ నీ ఉత్తరం మూడుసార్లు చదివాను, చదివిన ప్రతిసారీ పన్ను దగ్గరా డబ్బు దగ్గరా ఆగలేదు, అమ్మమ్మ దగ్గరే ఆగాను. నువ్వు ఆవిడ సంగతి ఏదో మధ్యలో గుర్తొచ్చినట్టు రాశావు గానీ నాకైతే మొత్తం ఉత్తరం అక్కడి నుంచే మొదలైనట్టు అనిపించింది. అందుకే ముందు ఆ మాట తేల్చుకుందాం.

పన్ను పీకించడం వల్ల క్యాన్సర్ రాదమ్మా. జరిగేది తలకిందులుగా ఉంటుంది. అడ్డపొగలో నిప్పు, పొగ, ఆ వేడి అంతా అంగిటికి తగులుతుంది, ఏళ్ల తరబడి అలా తగిలి తగిలి అక్కడ చర్మం తెల్లబడుతుంది, గట్టిపడుతుంది, కొందరిలో పుండు పడి క్యాన్సర్ అవుతుంది. మన ఉత్తరాంధ్ర తీరంలో ఆడవాళ్లకి ఈ అలవాటు ఎక్కువని, అంగిటి జబ్బులు వాళ్లలో వస్తున్నాయని డాక్టర్లు ఎన్నో ఏళ్లుగా రాస్తున్నారు. అంగిటి దగ్గర జబ్బు ఎముక దాకా దిగితే ఆ పక్క పన్ను పట్టు తప్పి కదులుతుంది, మనం పిప్పిపన్ను అనుకుని పీకిస్తాం, గాయం మానదు, అప్పుడు పరీక్ష చేస్తే బయటపడుతుంది. మీ అమ్మమ్మగారి విషయంలో సరిగ్గా ఏం జరిగిందో ఆ కాగితాలు చూడకుండా నేను చెప్పలేను, కానీ పన్ను కదలడమే జబ్బు చేసిన పని అయ్యుండే అవకాశం చాలా ఎక్కువ. ఇంట్లో వాళ్లకి మాత్రం ముందు కనిపించింది పన్ను పీకడం, తర్వాత కనిపించింది క్యాన్సర్, కాబట్టి దీనివల్ల అది అనుకున్నారు, వాళ్ల తప్పేం లేదు, అలా అనుకోవడం సహజం. పైపన్ను పీకితే కళ్లు పోతాయనేదీ ఇలాంటిదే. పంటి నరం వేరు, చూపు నరం వేరు, రెంటికీ సంబంధం లేదు.

ఆవిడ పోయినప్పుడు నీకు పదకొండేళ్లు అని రాశావు. పదకొండేళ్ల గుంటకి ఆ మాట ఇంట్లో పదిమంది నోట వినిపిస్తే, పాతికేళ్లు దాటినా ఆ డాక్టరు కుర్చీ చూడగానే కాళ్లు వెనక్కి లాగుతాయి. ఇది తెలిస్తే భయం రేపటికల్లా పోతుందని నేను చెప్పను, కానీ ఈసారి కుర్చీలో కూర్చున్నప్పుడు నువ్వు భయపడేది నీ పంటి గురించి కాదని నీకు తెలుస్తుంది. డాక్టరుకి కూడా ఈ మాట చెప్పు, "మా అమ్మమ్మకి ఇలా అయింది, అందుకే భయం" అని. చెప్తే ఆయన నీ నోరంతా ఒకసారి చూస్తారు, ప్రతి పనీ చేసేముందు చెప్పి చేస్తారు, చెయ్యి ఎత్తితే ఆపుతారు. చెప్పకపోతే, ఏదో డబ్బులకి వెనకాడుతోంది అనుకుంటారు.

ఇక నొప్పి పోయింది అన్నావే, ఈ ఉత్తరంలో నాకు బాగా కంగారు పుట్టించింది అదే. పైన గట్టిగా ఉండే పొరకి నరం ఉండదు, పుచ్చు దాన్ని దాటి లోపలికి దిగేకొద్దీ ముందు చల్లనికి జివ్వుమంటుంది, తర్వాత వేడికి సలుపుతుంది, ఇంకా దిగితే రాత్రి పడుకున్నప్పుడు పోటు పెడుతుంది, పడుకుంటే తలకి రక్తం ఎక్కువ చేరుతుంది కాబట్టి. అంత నొప్పి పెట్టిన పన్ను మందు లేకుండా ఒకరోజు తనంతట తనే ఊరుకుందంటే చాలాసార్లు లోపల నరం చచ్చిపోయిందని అర్థం. పుచ్చు మానలేదు, చెప్పే నరం పోయింది, అంతే. వేడీ చల్లనా తెలీడం లేదన్నావు చూడు, అదే. ఆ పొక్కు చితికి ఉప్పగా రావడం అంటే వేరు కింద చీము చేరి దారి చేసుకుని బయటికి వస్తోందేమో అని అనుమానించాలి. దారి ఉన్నన్నాళ్లు నొప్పి ఉండదు. దారి మూసుకుపోయిన రోజు దవడ వాచిపోవచ్చు.

కాబట్టి వదిలెయ్యొచ్చా అంటే, వదిలెయ్యొచ్చు, నిన్నెవరూ బలవంతం చెయ్యరు, కానీ వదిలేస్తే ఏమవుతుందో తెలిసి వదిలెయ్యి. నెలలు బాగానే గడవొచ్చు, లేదా ఏదో ఒక రాత్రి బుగ్గ ఉబ్బొచ్చు. బుగ్గో మెడో వాచి జ్వరం వచ్చినా, నోరు తెరవలేకపోయినా, మింగడం కష్టమైనా, ఊపిరి ఇబ్బంది అయినా అది తెల్లారేదాకా ఆగే విషయం కాదు, ఆ రాత్రే పెద్దాసుపత్రికి వెళ్లాలి. ఇంకొకటి, మెడికల్ షాపులో అడిగి యాంటీబయాటిక్ వేసుకుంటే వాపు కొన్నాళ్లు అణగొచ్చు, పన్ను లోపల ఉన్న కుళ్లు మాత్రం అక్కడే ఉంటుంది, మళ్లీ వస్తుంది.

రెండో దారి ఆ డాక్టరు చెప్పినదే, రూట్ కెనాల్. నీకు నొప్పి భయం కదా, నరం చచ్చిన పంటికి చేసేటప్పుడు మామూలుగా బాధ తక్కువే, మత్తు ఇంజెక్షనూ ఇస్తారు. బాగా వాచి ఉన్నప్పుడు అయితే ఆ మత్తు సరిగ్గా పట్టదు, అందుకే ఇప్పుడు ప్రశాంతంగా ఉన్న రోజులే దానికి మంచివి. 14 నెలలు అయింది కాబట్టి ఎక్స్‌రే మళ్లీ తీస్తారు, ధర కూడా మారి ఉండొచ్చు, పన్ను నిలుస్తుందా లేదా అనేదీ అప్పుడే తెలుస్తుంది. ఒకట్నుంచి మూడు సిట్టింగులు పడుతుంది, సిట్టింగుకి ఇంత అని విడివిడిగా కట్టొచ్చా అని అడుగు, చాలామంది ఒప్పుకుంటారు. క్యాప్‌లో మెటల్ ఉంటుంది, పైన పింగాణీ ఉండేది ఉంటుంది, జిర్కోనియా ఉంటుంది, ధరలో చాలా తేడా. లోపలి దవడపన్ను, ఎవరికీ కనపడదు, తక్కువ ధరది వేస్తే ఏమవుతుందని మొహమాటం లేకుండా అడుగు. కానీ ఒకసారి మొదలుపెట్టాక మధ్యలో ఆపకు, పైన పెట్టిన తాత్కాలిక సిమెంటు ఊడిపోతే పన్ను మళ్లీ మొదటికొస్తుంది. రూట్ కెనాల్ చేయించి క్యాప్ తర్వాత చూద్దాం అనుకుని జంతిక కొరికితే నిలువునా చీలిపోయిన పళ్లు నాకు తెలుసు.

డబ్బు నిజంగా అడ్డం అయితే డెంటల్ కాలేజీలు ఉన్నాయి, తగరపువలస దగ్గర సంగివలసలో ఒకటి, శ్రీకాకుళం దగ్గర చాపురంలో ఒకటి. కాలేజీల్లో మామూలుగా ఫీజు బయటకంటే తక్కువ ఉంటుంది, చదువుకునే పిల్లలు చేస్తారు గానీ పక్కన ప్రొఫెసర్లు చూస్తారు, పని ఓపిగ్గా చేస్తారు. ఓపిగ్గా చేస్తారు కాబట్టే ఎక్కువసార్లు తిరగాలి, ఒక్కోసారి సగం రోజు పడుతుంది, నీకు స్కూల్లో సెలవు కోస్తే ఆ జీతం, బస్సు ఖర్చు కలుపుకుని చూసుకో. ఊళ్లో గవర్నమెంటు ఆసుపత్రిలోనూ దంతాల ఓపీ ఉంటుంది, అక్కడ ఏమేం చేస్తున్నారో వెళ్లి అడిగితే తెలుస్తుంది, కనీసం చూపించుకోవడానికి ఖర్చు ఉండదు.

పీకించేయడం ఇంకో దారి, అన్నిటికంటే తక్కువలో అయిపోతుంది. పన్ను నిలవదని డాక్టరు అంటే అదే సరైన దారి కూడా. ఊరికే ఖర్చు తగ్గుతుందని పీకించేస్తే మాత్రం దాని వెనక వచ్చేవి ఉంటాయి. నేను 35 ఏళ్లప్పుడు అదే చేశాను. పిల్లల ఫీజులు ముందు, నా పన్ను తర్వాత అనుకుని రెండేళ్లు లాగి చివరికి పీకించేశాను. పక్క పన్ను ఆ ఖాళీలోకి ఒరిగింది, పైపన్ను కిందికి దిగింది, పప్పుచెక్క కొరకాలన్నా ఎడమవైపే. తర్వాత బ్రిడ్జి, అంటే పక్క పళ్లకి ఆనించి కట్టే పన్ను, వేయిద్దామంటే రెండువైపులా ఉన్న మంచి పళ్లని అరగదియ్యాలన్నారు, ఇంప్లాంట్, అంటే ఎముకలో మర బిగించి పెట్టే పన్ను అయితే రూట్ కెనాల్‌కి ఎన్నోరెట్లు ఖర్చు. అప్పుడు నాకెవరూ ఇదంతా కూర్చోబెట్టి చెప్పలేదు, అందుకే నీకు ఇంత పొడుగ్గా చెప్తున్నాను.

ఇప్పుడు షాపింగ్. నీ లెక్క చూశాను. నువ్వు 23,400 అని ఒక్క అంకె వేసి దానికింద రెండు గీతలు గీశావు. నేను దాన్ని విడదీశాను. పిల్లల బూట్లు, పాప కాలేజీ బ్యాగు, మిక్సీ జారు, పప్పుల డబ్బాలు, ఇవి 8,200. ఇవి ఎప్పుడో ఒకప్పుడు కొనాల్సినవే, వీటికి నువ్వు సిగ్గుపడక్కర్లేదు. పంటికోసం కొన్నవి 3,900. మూడు రకాల సెన్సిటివ్ పేస్టులు, బ్యాటరీ బ్రష్షు, నీళ్లు చిమ్మే ఫ్లాసరు, బొగ్గు పొడి, లవంగ నూనె. మిగతా 11,300 రాత్రి ఒంటిగంట తర్వాత పెట్టినవి, ఆర్డర్ మెసేజిల్లో టైము చూసి నువ్వే రాశావు.

ఆ 3,900 చూసి నాకు ఎంతో బాధేసింది. నువ్వు పన్నుని గాలికి వదిలెయ్యలేదు, కుర్చీ ఎక్కకుండా చెయ్యగలిగిందల్లా చేశావు. సెన్సిటివ్ పేస్టు జివ్వుమనే పళ్లకి రెండు మూడు వారాలు వాడితే పనిచేస్తుంది, పుచ్చుకి చెయ్యదు. లవంగ నూనె కాసేపు తిమ్మిరి ఎక్కిస్తుంది, అంతే, ఎక్కువ రాస్తే చిగురు కాలుతుంది. బొగ్గు పొడి మానెయ్, పంటి పైపొరని అరగదీస్తుంది. మెత్తని బ్రష్షు, ఫ్లోరైడ్ ఉన్న మామూలు పేస్టు, రోజుకి రెండుసార్లు రెండేసి నిమిషాలు, మిగతా పళ్లకి అది చాలు. భీమాళి మామిడి తాండ్ర అంటే ప్రాణం అన్నావు, తిను, తిన్నాక నీళ్లు పుక్కిలించి ఊసెయ్, అది పళ్ల సందుల్లో అతుక్కుని కూర్చుంటుంది.

ఆ రాత్రి ఆర్డర్లకి పిచ్చి అనే పేరు పెట్టకు. ఇంట్లో అందరూ నిద్రపోతున్నారు, నీ దవడ పగిలిపోతోంది, ఎవర్నీ లేపలేవు, చేతిలో ఫోన్ ఉంది. ఆ రంగులు, ఆ చీరలు చూస్తుంటే నొప్పి మీద నుంచి మనసు తప్పుకుంటుంది, బుక్ చేస్తే ఎల్లుండి ఏదో మంచి వస్తుందనే ఆశ ఒకటి. పొద్దున్నకి నొప్పి తగ్గుతుంది, డబ్బులూ తగ్గుతాయి, డాక్టరు దగ్గరికి వెళ్దామంటే డబ్బు లేదు అనే కారణం దొరుకుతుంది. కోపం తెచ్చుకోకు, ఆ కారణం నీకు కావాలి అనిపిస్తోంది నాకు. డబ్బు ఉంటే వెళ్లాల్సి వచ్చేది కదా.

అలా అని అది దానంతట అదే ఆగిపోతుందనీ అనను. నొప్పి లేని ఈ నెలలో కూడా నాలుగు ఆర్డర్లు పెట్టావు, అంటే అలవాటు పంటిని దాటి కాస్త ముందుకి నడిచింది. రాత్రి ఫోన్ వంటింట్లో చార్జింగ్ పెట్టి పడుకుని చూడు, మొదటి వారం చెయ్యి అటే లాగుతుంది, పడుకోవడం కష్టంగానే ఉంటుంది. అది కుదరకపోతే కార్టులో వెయ్యి, బుక్ చెయ్యకు, ఆదివారం పొద్దున్న టిఫిన్ అయ్యాక తీసి చూడు, అప్పటికీ కావాలనిపిస్తే కొనుక్కో, నువ్వు సంపాదించుకుంటున్నావు, నీకోసం ఒక చీర కొనుక్కోవడం నేరం కాదు. యాప్‌లో ఇప్పుడు కొని తర్వాత కట్టే ఆప్షన్ మాత్రం తీసెయ్, దాన్లో 2,600 ఇంకా బాకీ ఉందన్నావు, గడువు దాటితే ఫైను పడుతుంది, ముందు అది కట్టెయ్. పన్ను బాగయ్యాక కూడా, పగలు కూడా, ఆపుకోలేక అప్పు చేసి కొంటున్నావంటే అప్పుడు మానసిక నిపుణులతో మాట్లాడాలి. 14416 అని టెలి మానస్ నంబరు ఉంది, మనసు బాగోనప్పుడు మాట్లాడ్డానికి ప్రభుత్వం పెట్టింది, ఎప్పుడైనా చెయ్యొచ్చు, డబ్బు పడదు, తెలుగులో మాట్లాడతారు. అక్కడికి ఫోన్ చేస్తే పిచ్చి అని అర్థం కాదు.

మీ ఆయన సంగతి. తిట్టరు కొట్టరు, కానీ లెక్క పుస్తకం ముందేసుకుని మౌనంగా కూర్చుంటారు, ఆ మౌనం భరించలేను అన్నావు. మొత్తం ఒకేసారి చెప్పెయ్యొచ్చు, ఆ లెక్క కాగితం చేతిలో పెట్టి. నాలుగు రోజులు ఇల్లు బరువుగా ఉంటుంది, తర్వాత దాచాల్సింది ఏమీ ఉండదు. చెప్పకుండా ఉండొచ్చు, 2,600 కట్టేసి స్కూల్ అడ్రసు మార్చేసి. అప్పుడు ఆ ఆయా నోట ఎప్పుడో బయటపడుతుందేమో అనే బెంగ నీతోనే ఉంటుంది, ఆయనకి వేరేవాళ్ల ద్వారా తెలిస్తే డబ్బు పోయినందుకంటే దాచినందుకు ఎక్కువ నొచ్చుకుంటారు. నేనైతే ముందు పన్ను సంగతి, అమ్మమ్మ సంగతి చెప్తాను. "నాకు ఆ కుర్చీ అంటే భయం, నువ్వు పక్కన కూర్చోవాలి" అంటాను. ఇన్నేళ్లలో ఆయనకి ఆ మాట ఒక్కసారైనా చెప్పినట్టు నీ ఉత్తరంలో ఎక్కడా లేదు. తోడుగా వచ్చి బయట బెంచీ మీద గంట కూర్చున్న మనిషికి తర్వాత పార్శిళ్ల సంగతి చెప్పడం తేలిక. కానీ ఆయన ఎలాంటి మనిషో నాకంటే నీకు తెలుసు, ఏది ముందు చెప్పాలనేది నీ ఇష్టం.

సిరిమాను అయ్యాక అన్నావు. కిందటేడు కూడా సిరిమాను అయ్యాకే అనుకున్నానని నువ్వే మొదటి పేజీలో రాశావు, మర్చిపోయినట్టున్నావు. దసరా తర్వాత మంగళవారం సిరిమాను, ముందురోజు తొలేళ్లు, ఆ రెండు రోజులూ ఊరు ఎలా ఉంటుందో నీకు నేను చెప్పాలా, మూడు లాంతర్ల సెంటర్లో కాలు పెట్టే చోటుండదు, ఇంటినిండా చుట్టాలు, పొయ్యి దగ్గర నువ్వు. తొలేళ్ల రాత్రి దవడ వాచిందంటే ఆ జనంలోంచి ఆసుపత్రికి ఎలా వెళ్తావు, ఏ క్లినిక్ తెరిచి ఉంటుంది. ముందే ఒక్క సిట్టింగు అయినా అయితే లోపలి చీముకి దారి దొరుకుతుంది, పండగ కాస్త ధైర్యంగా చేసుకోవచ్చు. పండక్కి బట్టలు కొనాలి కదా అంటావేమో. ఈసారి పిల్లలకి కొని మీ ఇద్దరివీ సంక్రాంతికి పెట్టుకుంటే మొదటి సిట్టింగు డబ్బు అందులోంచే వస్తుంది, లేదా ఉన్న చీటీ పాడుకోవచ్చు, పాడితే కొంత పోతుంది. బీపీ మాత్ర వేసుకుంటున్నానన్నావు, డాక్టరుకి ఆ మందుల చీటీ చూపించు, మానెయ్యకుండా వేసుకునే వెళ్లు, ఖాళీ కడుపుతో వెళ్లకు.

ఇంకొకటి ఉంది, నువ్వు అడగలేదు. మీ పెద్దమ్మ ఇప్పటికీ అడ్డపొగ కాలుస్తోందన్నావు. నువ్వు వెళ్లే రోజు ఆవిణ్ణి కూడా తీసుకెళ్లు. పళ్ల కోసం కాదు, నోరు తెరిచి అంగిలి ఒకసారి చూడమని డాక్టర్ని అడుగు, రెండు నిమిషాల పని. తెల్లమచ్చలు, ఎర్రటి మచ్చలు, మానని పుండు ఏదైనా ఉంటే మొదట్లోనే తెలుస్తుంది, మొదట్లో తెలిస్తే మీ అమ్మమ్మకి లేని దారులు ఆవిడకి ఉంటాయి. రానంటుంది, నాకు తెలుసు, పన్ను పీకేస్తారని భయపడుతుంది. "నీకు కాదు పెద్దమ్మా నాకే, నాకు తోడు రా" అని చెప్పు.